ఎడారిలో బంగారు కోట

ఉద్దేశం

కోటలను గురించి చదివేటప్పుడు సాధారణంగా యుద్ధాలు, వీరుల పరాక్రమాలు మాత్రమే గుర్తుకు వస్తాయి. ఒక నగరం ఎందుకు వెలుస్తుంది, దేనివల్ల వర్ధిల్లుతుంది, ఏ కారణాలవల్ల క్షీణిస్తుంది అనే విషయాలను జైసల్మేరు దుర్గనగర చరిత్ర ఆధారంగా తెలియజేయడం, జలవినియోగంలో మితం పాటించవలసిన అవసరాన్ని విద్యార్థులు గుర్తించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రాజస్థాన్ రాష్ట్రపు పశ్చిమ భాగంలో థార్ ఎడారి విస్తరించి ఉంది. ఆ ఎడారి నడుమ, చుట్టూ ఉన్న మైదానం కంటె సుమారు 250 అడుగుల ఎత్తున త్రికూటమనే గుట్ట ఉంది. ఆ గుట్టమీద పసుపువన్నె ఇసుకరాతితో కట్టిన కోట ఉంది. కోటలోపల రాజభవనాలు, ఆలయాలు, అంగళ్లు, నివాసగృహాలు ఉన్నాయి. నేటికీ కొన్ని వేలమంది ప్రజలు ఆ గోడల మధ్యనే సంసారాలు సాగిస్తున్నారు. సూర్యోదయ సమయంలోను, సాయంసంధ్యలోను ఏటవాలు ఎండ సోకగానే కోటగోడలన్నీ మేలిమి బంగారంలాగా మెరుస్తాయి. అందుచేత జైసల్మేరు దుర్గానికి బంగారు కోట అనే పేరు వచ్చింది.

ఈ ప్రాంతంలో వర్షపాతం అత్యల్పం. సంవత్సరం మొత్తంమీద సగటున 20 సెంటీమీటర్ల వానైనా కురవదు. హైదరాబాదు నగరంలో కురిసే వానలో ఇది నాలుగో వంతు మాత్రమే. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. అటువంటి చోట ఒక నగరం వెలసి, ఎనిమిది వందల సంవత్సరాలకు పైగా నిలవడానికి ముఖ్యంగా రెండు ఆధారాలు ఉన్నాయి. మొదటిది ఎడారిగుండా సాగిన బిడారుల బాట. రెండవది వానచుక్కను వృథా చేయకుండా దాచుకొన్న ప్రజల నేర్పు. మొదటి ఆధారం తప్పిపోయినప్పుడు నగరం క్షీణించింది. రెండవదానిని మరచినప్పుడు కోట పునాదులే కదిలాయి. జైసల్మేరు చరిత్ర సారాంశమంతా ఈ రెండు మాటలలో ఇమిడి ఉంది.

నగర నిర్మాణం

భాటీ రాజపుత్రులు తాము యదువంశీయులమని చెప్పుకొంటారు. త్రికూటానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లోద్రవా వారి పూర్వ రాజధాని. అది బయలు ప్రదేశంలో ఉన్నందువల్ల దానికి శత్రుభయం ఎక్కువ. భాటీ ప్రభువైన రావల్ జైసల్ అంతకంటె సురక్షితమైన స్థలంకోసం వెదకి, 1156వ సంవత్సరంలో త్రికూటంమీద కొత్త దుర్గానికి శంకుస్థాపన చేశాడు. ఆయన పేరుమీదనే నగరానికి జైసల్మేరు అనే పేరు ఏర్పడింది. జైసల్ కొండ అని దాని అర్థం.

ఈ స్థలాన్ని గురించి అక్కడి ప్రజలు ఒక ఐతిహ్యం చెప్పుకొంటారు. పూర్వం శ్రీకృష్ణుడు అర్జునునితో కలసి ఈ గుట్టకు వచ్చాడట. తన వంశంలో పుట్టినవాడు ఒకడు ఇక్కడ రాజధాని కట్టగలడని పలికి, అర్జునుని దప్పిక తీర్చడానికి సుదర్శన చక్రంతో బండను చీల్చి నీరు తెప్పించాడట. ఈసల్ అనే ముని ఈ వృత్తాంతాన్ని జైసల్‌కు చెప్పి, ఇక్కడే కోట కట్టమని ప్రోత్సహించాడని అంటారు. కథలోని సత్యం మాట ఎలా ఉన్నా, దానిలోని ఒక విశేషాన్ని గమనించాలి. ఆ ఐతిహ్యం వంశ గౌరవంతోపాటు నీటి లభ్యతను కూడా చెబుతున్నది. ఎడారిలో రాజధానికి స్థలం నిర్ణయించేవారికి ఎత్తైన గుట్ట ఎంత అవసరమో, దానిమీద ఒక బావి కూడా అంతే అవసరం.

కోట పొడవు సుమారు 1500 అడుగులు, వెడల్పు 750 అడుగులు. కొండవాలు జారిపోకుండా అడుగున ఒక రాతికట్టు, దానిమీద రెండు వరుసల ప్రాకారాలు కట్టారు. ఆ రెండు గోడల మధ్య కాపలా భటులు సంచరించడానికి ఒక ఇరుకైన దారి ఉంది. కోట చుట్టూ 99 బురుజులు ఉన్నాయి. వాటిలో అధిక భాగం 17వ శతాబ్దంలో కట్టినవి. గోడల అంచులపై పెద్ద పెద్ద రాతిగుండ్లు నేటికీ కనిపిస్తాయి. శత్రువులు పైకి ఎగబ్రాకే సమయంలో వారిమీదికి దొర్లించడానికి వాటిని అమర్చుకొన్నారు. లోపలికి వెళ్లాలంటే అఖై పోల్, సూరజ్ పోల్, గణేశ్ పోల్, హవా పోల్ అనే నాలుగు ద్వారాలను దాటాలి. ఏనుగులుగాని, గుర్రాలుగాని వేగంగా దూసుకొని రాలేనట్లు ఆ దారిని వంకరలు తిప్పారు.

నీటి కొరత ఈ నిర్మాణ పద్ధతిలో కూడా ప్రతిఫలించింది. చాలాచోట్ల సున్నపు అడుసు వాడకుండా, రాయిని రాయితో పొందికగా కూర్చి గోడలు లేపారు. ఇళ్ల కప్పులకు దూలాలు పరచి, వాటిమీద మందంగా మట్టి వేశారు. ఆ మట్టి ఎండ వేడిని లోపలికి రానివ్వదు. అరుదుగా కురిసే వానకు ఆ కప్పు చాలు. కొద్ది వానను, కొద్దిపాటి నీటి వాడకాన్ని దృష్టిలో ఉంచుకొని కట్టిన నగరమిది. ఈ విషయం ముందు ముందు ఎంతో ముఖ్యమవుతుంది.

ముట్టడులు

బిడారుల బాటమీద ఆధిపత్యం ఉన్నవారికి సంపదతోపాటు శత్రువులు కూడా ఉంటారు. ఢిల్లీ సుల్తానుల సైన్యాలు రెండు పర్యాయాలు ఈ కోటను ముట్టడించాయని భాటీల గాథలు చెబుతున్నాయి. మొదటిది అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలోను, రెండవది ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలోను జరిగాయట. ఏళ్ల తరబడి సాగిన మొదటి ముట్టడిలో ధాన్యం అడుగంటగా, స్త్రీలు అగ్నిప్రవేశం చేశారని, పురుషులు కోట తలుపులు తెరచి శత్రుసైన్యంపై పడి మరణించారని ఆ గాథలు వర్ణిస్తాయి. 16వ శతాబ్దంలో మిత్రుడుగా వచ్చిన ఒకడు పల్లకీలలో సాయుధులను దాచి కోటలోకి పంపాడని మరొక కథ ఉంది. అప్పుడు చితి పేర్చే వ్యవధి లేక స్త్రీలు కత్తివాతకు గురి అయ్యారట. అందువల్ల జైసల్మేరులో రెండున్నర ఆత్మాహుతులు జరిగాయని స్థానికులు విషాదంతో చెప్పుకొంటారు.

ఇన్ని ఆపదలు వచ్చినా నగరం అంతరించలేదు. ప్రతిసారీ భాటీలు తిరిగి వచ్చి కోటను నిలబెట్టారు. 1570లో రావల్ హరరాజ్ అక్బరు సార్వభౌమత్వాన్ని అంగీకరించిన తరువాత దీర్ఘకాలం శాంతి నెలకొంది. బాట సజీవంగా ఉన్నంతకాలం నగరాన్ని పూర్తిగా నేలమట్టం చేయడం ఏ సైన్యానికీ సాధ్యం కాలేదు.

వైభవం

ఢిల్లీనుండి, గుజరాత్‌నుండి సింధుకు, అక్కడినుండి పారసీక దేశానికి, మధ్య ఆసియాకు సాగే వర్తక మార్గాలకు జైసల్మేరు ఒక మజిలీ. ఒంటెల బారులమీద పట్టువస్త్రాలు, సుగంధ ద్రవ్యాలు, నల్లమందు, ఎండు ఫలాలు తరలిపోతుండేవి. సార్థవాహులు ఇక్కడ విడిది చేసి, నీరు తీసుకొని, సుంకం చెల్లించి ముందుకు కదిలేవారు. ఆ సుంకాల ఆదాయమే రాజ్యానికి జీవనాధారం. పండిన పంటమీద వచ్చే పన్ను స్వల్పమే.

ఆ సంపద రాతిలో రూపుదిద్దుకొంది. కోట వెలుపలి పట్టణంలో ధనికులైన వర్తకులు హవేలీలనే బహుళ అంతస్తుల భవనాలు కట్టుకొన్నారు. గుమాన్‌చంద్ పట్వా అనే వర్తకుడు తన అయిదుగురు కుమారులకోసం 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ప్రారంభించిన అయిదు హవేలీలు వీటిలో ప్రసిద్ధమైనవి. ఆ గవాక్షాలపై శిలావట్లనే స్థానిక ముస్లిం శిల్పులు చెక్కిన జాలీలు రాతితో అల్లిన లేసులాగా ఉంటాయి. వాటిగుండా గాలి వస్తుంది, వెలుగు వస్తుంది. ఎండతాపం మాత్రం తగ్గిపోతుంది.

వర్తకులలో ఎక్కువమంది జైనులు. వారి దానాలతో కోటలోపల జైన దేవాలయాలు వెలశాయి. 15వ శతాబ్దంలో జినభద్రసూరి అనే ఆచార్యుడు అక్కడ ఒక జ్ఞానభాండాగారాన్ని స్థాపించాడు. వేరువేరు ప్రాంతాలలోని ప్రాచీన తాళపత్ర గ్రంథాలను తెప్పించి, కోట గర్భంలోని గదులలో భద్రపరచారు. ఎడారిలోని పొడిగాలి ఆ తాళపత్రాలను చెడకుండా కాపాడింది. కోటగోడలు వాటికి రక్షణగా నిలిచాయి.

ఈ భాండాగారానికీ దక్కనుకూ విశేషమైన సంబంధం ఉంది. తెలంగాణ ప్రాంతాన్ని కూడా పాలించిన కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుండి 1126 వరకు రాజ్యం చేశాడు. కాకతీయుల పూర్వులు ఆయనకు సామంతులు. ఆయన ఆస్థానకవి అయిన కాశ్మీర పండితుడు బిల్హణుడు, ఆయన చరిత్రను 'విక్రమాంకదేవచరితం' అనే సంస్కృత కావ్యంగా రచించాడు. 1874లో జర్మన్ పండితుడు బూలర్ తన సహచరుడు యాకోబితో కలసి జైసల్మేరు భాండాగారాన్ని పరిశీలించినప్పుడు ఈ కావ్యపు తాళపత్ర ప్రతి లభించింది. మరుసటి సంవత్సరమే అది అచ్చయింది. దక్కను చక్రవర్తి చరిత్రను థార్ ఎడారిలోని ఒక కోట కాపాడి అందించింది. బిడారుల బాటలమీద సరకులతోపాటు గ్రంథాలు కూడా ప్రయాణించాయనడానికి ఇది చక్కని నిదర్శనం.

నీటి పొదుపు

సైన్యం, సంపద ఎంత ఉన్నా నీరు లేకపోతే నగరం ఒక్క వేసవికైనా నిలవదు. 14వ శతాబ్దంలో రావల్ ఘడ్‌సీ నగరానికి ఆగ్నేయంగా ఒక గొప్ప చెరువును తీర్చిదిద్దాడు. అదే గడీసర్. చుట్టుపక్కల మెట్టలమీద కురిసిన ప్రతి చినుకూ వాలువెంట ఆ జలాశయంలోకి చేరేటట్లు ఏర్పాటు చేశారు. చెరువు నిండి పొర్లిన నీరు కూడా వ్యర్థం కాకుండా దిగువనున్న చెరువులలోకి పోయేది. స్త్రీలు బిందెలతో నీరు తీసుకొని గుట్ట ఎక్కి కోటలోకి చేరవేసేవారు. 20వ శతాబ్దపు మధ్యకాలం వరకు నగరానికి గడీసర్ ప్రధానమైన నీటివనరు. నీటిని నెత్తిన మోసి తెచ్చుకొనేవారు దానిని పారబోయరు. స్నానం చేసిన నీటిని వేరొక పనికి, ఆ తరువాత పశువులకో మొక్కలకో వాడుకొనేవారు.

పరిసర గ్రామాలలోని పాలీవాల్ బ్రాహ్మణులు వ్యవసాయంలో ఇదే నేర్పును చూపారు. రాతినేలనుండి దిగివచ్చే వాననీటికి పల్లంలో అడ్డంగా పొడవైన మట్టికట్ట వేసేవారు. దీనికి ఖడీన్ అని పేరు. నిలిచిన నీరు నెమ్మదిగా నేలలోకి ఇంకేది. శీతకాలంలో ఆ తేమమీదనే గోధుమలు, శనగలు పండించేవారు. మళ్లీ తడి పెట్టే పని లేదు. 20 సెంటీమీటర్ల వాన కురవని చోట గోధుమ పండించడం సామాన్య విషయం కాదు.

క్షీణదశ

జైసల్మేరు పతనానికి నాంది పలికినవి దూరంగా ఉన్న ఓడరేవులు. 1818 డిసెంబరులో మహారావల్ మూలరాజ్ ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకొన్నాడు. దానితో కోటకు శత్రుభయం తొలగింది. అయితే అదే శతాబ్దంలో బొంబాయి రేవు పెరిగింది. 1843లో సింధు ఆంగ్లేయుల వశమైన తరువాత కరాచీ రేవు అభివృద్ధి చెందింది. ఓడలు, రైళ్లు మోసే బరువుముందు ఒంటెలు మోసే బరువు ఏపాటి? వర్తకం సముద్రంవైపు మళ్లింది. బిడారులు పలుచబడ్డాయి. సుంకం తగ్గింది. వర్తక కుటుంబాలు బ్రతుకుతెరువు వెదుక్కొంటూ ఇతర నగరాలకు వలసపోయాయి. కన్నులపండువైన హవేలీలకు తాళాలు పడ్డాయి.

గ్రామాలు కూడా పాడుపడ్డాయి. దివాను సాలిమ్‌సింగ్ దురాగతాలు భరించలేక పాలీవాల్ బ్రాహ్మణులు ఒకే రాత్రి 84 గ్రామాలు విడిచి వెళ్లారని జనశ్రుతి. అధిక పన్నుల భారం, నీటివనరులు సన్నగిల్లడం వంటి కారణాలను చరిత్రకారులు చెబుతారు. కారణం ఏదైనా, కుల్‌ధరా గ్రామంలోని కప్పులేని ఇళ్ల వరుసలు నేటికీ ఆ వలసకు సాక్షులుగా నిలిచి ఉన్నాయి.

1947లో జరిగిన దేశ విభజనతో మిగిలిన దారికూడా మూసుకుపోయింది. సింధు పాకిస్థాన్‌లో చేరింది. శతాబ్దాలపాటు నాలుగు దేశాల కూడలిగా ఉన్న జైసల్మేరు ఒక్కసారిగా దేశపు అంచున ఉన్న మారుమూల పట్టణమైంది. 1949లో రాజ్యం రాజస్థాన్‌లో విలీనమైంది. శత్రువుల ముట్టడులు చేయలేని పనిని ఒక బాట తప్పిపోవడం చేసింది.

కొత్త ఆపద

1965, 1971 సంవత్సరాలలో జరిగిన యుద్ధాలు ఈ సరిహద్దు జిల్లా ప్రాముఖ్యాన్ని పెంచాయి. రహదారులు, రైలుమార్గం వచ్చాయి. ప్రసిద్ధ దర్శకుడు సత్యజిత్ రాయ్ తన నవల ఆధారంగా 1974లో నిర్మించిన 'సోనార్ కెల్లా' చిత్రం ఈ కోట అందాన్ని ఎందరికో పరిచయం చేసింది. క్రమంగా యాత్రికుల రాక పెరిగింది. వర్తకులు విడిచిన నగరానికి యాత్రికులు కొత్త జీవం పోశారు. కోటలోని పాత ఇళ్లు అతిథిగృహాలుగా, ఫలహారశాలలుగా మారాయి.

ఈ మార్పు వెనుకనే ఒక అపాయం పొంచి ఉంది. కొళాయి నీరు గుట్టమీదికి చేరింది. బిందెలతో మోసిన రోజులలో లెక్కగా వాడిన నీరు ఇప్పుడు స్నానపు గదులలోను, వంటశాలలలోను ధారాళంగా ప్రవహించసాగింది. వచ్చిన నీరంతా సక్రమంగా వెలుపలికి పోయే మార్గం లేదు. కారిపోయే గొట్టాలనుండి, మురుగు కాలువలనుండి నీరు గుట్టలోకి ఇంకింది. త్రికూటం ఏకశిల కాదు. ఇసుకరాతి పొరల మధ్య మెత్తని బంకమట్టి పొరలు కూడా ఉన్నాయి. నీరు తగిలిన బంకమట్టి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, బరువు ఆపలేక జారుతుంది. పైనున్న గోడలు దానితోపాటు కదులుతాయి. 20వ శతాబ్దం ముగిసే నాటికి కొన్ని బురుజులు, గోడల భాగాలు కూలిపోయాయి. 1996లో ప్రపంచ కట్టడాల నిధి సంస్థ ఈ కోటను ఆపదలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది.

ఆ తరువాత భారత పురావస్తు శాఖ, స్వచ్ఛంద సంస్థలు మరమ్మతులు చేపట్టాయి. మురుగునీటి వ్యవస్థను బాగుచేసే ప్రయత్నాలు జరిగాయి. 2013లో యునెస్కో రాజస్థాన్‌లోని ఆరు కొండకోటలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు వాటిలో జైసల్మేరు కూడా ఒకటి. అయినా ముప్పు పూర్తిగా తొలగిపోలేదు. 2024 ఆగస్టులో కురిసిన భారీ వర్షాలకు కోటగోడలో కొంత భాగం కూలింది.

కోటలో నివసించేవారిని ఖాళీ చేయిస్తే సమస్య తీరుతుందని కొందరి అభిప్రాయం. తరతరాలుగా ఉన్న ఇళ్లను, బ్రతుకుతెరువును విడిచి వారు ఎక్కడికి పోతారన్నది మరికొందరి ప్రశ్న. మనుషులు లేని కోట కేవలం రాళ్ల కుప్ప. మితం లేని వాడకం కొనసాగితే ఆ రాళ్లు కూడా మిగలవు. ప్రజలు అక్కడ ఉంటూనే నీటిని వెనుకటివలె లెక్కగా వాడుకోవడం, వాడిన నీటిని గుట్టలోకి ఇంకనీయకుండా వెలుపలికి పంపడం మాత్రమే ఈ చిక్కుకు పరిష్కారం. అది కష్టసాధ్యమే కాని అసాధ్యం కాదు.

నగరాలు గోడల బలంమీద మాత్రమే నిలవవు. అవి ఏ ఆధారంమీద వెలశాయో ఆ ఆధారాన్ని గుర్తుంచుకొన్నంతకాలం నిలుస్తాయి. నీటి కొరతను జయించి ఎనిమిది శతాబ్దాలు నిలిచిన కోట, నీటి దుబారాకు తట్టుకోలేకపోతున్నది. జైసల్మేరు పూర్వులు నేటి తరానికి విడిచిన అసలైన బంగారం ఆ పసుపురాయి కాదు, చినుకు విలువ తెలిసిన వివేకం.

కఠిన పదాలకు అర్థాలు

ఐతిహ్యం = పరంపరగా చెప్పుకొనే కథ
ప్రాకారం = కోటగోడ
బిడారు = సరకులతో కలసి ప్రయాణించే వర్తకుల సమూహం
సార్థవాహుడు = బిడారును నడిపే వర్తకుడు
మజిలీ = ప్రయాణంలో విడిది చేసే చోటు
గవాక్షం = కిటికీ
సుంకం = సరకులపై విధించే పన్ను
జనశ్రుతి = ప్రజలలో ప్రచారంలో ఉన్న మాట
నాంది = ప్రారంభం
దుబారా = వృథా ఖర్చు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జైసల్మేరు నగర వైభవానికి, క్షీణతకు గల కారణాలను వివరించండి.
2. "నీటి కొరతను జయించిన కోట నీటి దుబారాకు తట్టుకోలేకపోతున్నది." ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. త్రికూటాన్ని గురించిన ఐతిహ్యాన్ని తెలిపి, దానిలోని విశేషాన్ని పేర్కొనండి.
2. ఖడీన్ వ్యవసాయ పద్ధతిని వివరించండి.
3. జైసల్మేరు జ్ఞానభాండాగారానికి, దక్కనుకు గల సంబంధం ఏమిటి?
4. కోటలోని ప్రజలను ఖాళీ చేయించడం సరైన పరిష్కారమేనా? మీ అభిప్రాయం రాయండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జైసల్మేరు దుర్గానికి శంకుస్థాపన చేసినవారు ఎవరు?
2. భాటీల పూర్వ రాజధాని ఏది?
3. గడీసర్ చెరువును తీర్చిదిద్దిన రాజు ఎవరు?
4. 'విక్రమాంకదేవచరితం' రచించిన కవి ఎవరు?
5. జైసల్మేరు కోట ప్రపంచ వారసత్వ సంపదగా ఏ సంవత్సరంలో గుర్తింపు పొందింది?

భాషాంశాలు

సంధులు
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశసంధి
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘసంధి
జీవనాధారం = జీవన + ఆధారం – సవర్ణదీర్ఘసంధి

సమాసాలు
శత్రుభయం = శత్రువుల వలన భయం – పంచమీ తత్పురుష సమాసం
శత్రుసైన్యం = శత్రువుల యొక్క సైన్యం – షష్ఠీ తత్పురుష సమాసం
నాలుగు ద్వారాలు = నాలుగు సంఖ్యగల ద్వారాలు – ద్విగు సమాసం
అసాధ్యం = సాధ్యం కానిది – నఞ్ తత్పురుష సమాసం